శోకం పెట్టడం రాని మేనకోడలు

మా మేనత్త ఏడుపుకు బాన్సువాడలో మంచి పేరుండేది.

మా వైపు చావు ఇంట్లో ఆడవాళ్లు ఊరికే కన్నీళ్లు పెట్టుకుని కూర్చోరు. పోయినవాళ్ల మీద పడి, పక్కనున్నవాళ్ల మెడ పట్టుకుని, రాగం తీస్తూ, పోయినవాళ్లతోనే మాట్లాడుతూ ఏడుస్తారు. దాన్ని శోకం పెట్టడం అంటారు. కూతుళ్లు, కోడళ్లు, అక్కచెల్లెళ్లు ఎవరికి వచ్చినట్టు వాళ్లు పెడతారు. మా అత్త పెడితే మాత్రం వీధంతా పని ఆపి వినేది. సైకిల్ మీద పోయేవాడు కాలు కింద పెట్టి నిలబడేవాడు. ఆమెకు అక్షరం రాదు. బీడీలు చుట్టేది. నేను కవయిత్రినని, జ్ఞాపకాలు రాస్తానని సభలకు పిలిచి శాలువా కప్పేవాళ్లు, మీకు ఈ విద్య ఎక్కడ అబ్బిందని అడుగుతుంటారు. చావు ఇళ్లలో అని చెబితే నవ్వుతారు. చమత్కారం అనుకుంటారు కాబోలు.

అత్త మా బాపుకు అక్క. ఆమెను పిట్లంలో ఇచ్చారు. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు, పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మా ఇంటి అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకుని, ఆ చాటలో తునికాకు, తంబాకు వేసుకుని కూర్చుని ఉండేది. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా తమ చాటలు తెచ్చుకుని అక్కడే చేరేవాళ్లు. చేతులు బీడీలు చుడుతుంటే నోళ్లు ఊరంతా తిరిగి వచ్చేవి. బాపు రైసుమిల్లులో కాంటా దగ్గర పని చేసేవాడు. అమ్మ వంట ముగించి తనూ ఒక చాట పట్టుకుని వచ్చేది. వదినా మరదళ్లు రోజూ పోట్లాడుకునేవాళ్లు. అయినా ఒకరు తినకపోతే ఇంకొకరు ముద్ద ముట్టేవాళ్లు కాదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల బడులు చాలాకాలం మూతపడ్డాయి. నేను అప్పుడు నాలుగో తరగతో, ఐదో తరగతో. పిల్లలందరికీ పండగే కానీ నాకు కాదు. ఇంట్లో కనపడితే అమ్మ ఆకు కత్తిరించమని కూర్చోబెట్టేది, కత్తెర పట్టుకుంటే నా వేళ్లు బొబ్బలెక్కేవి. అందుకని అత్త ఎటు పోతే అటు ఆమె కొంగు పట్టుకుని పోవడం మొదలుపెట్టాను. అరుగు దిగి ఆమె పోయేది చావు ఇళ్లకే.

కబురు వచ్చినా అత్త గాబరా పడేది కాదు. చేతిలో ఉన్న బీడీని పూర్తిగా చుట్టి, మూతి మడిచి, దారం కట్టి అప్పుడు లేచేది. నోరు పుక్కిలించుకుని, కొంగు బిగించి నడిచేది. అక్కడికి వెళ్లగానే ఏడుపు అందుకునేది కాదు. ఓ పక్కన కూర్చుని చూసేది. దండెం మీద ఏం వేలాడుతోంది, పొయ్యి మీద ఏముంది, మంచం కింద చెప్పులు ఎలా ఉన్నాయి, ఎవరు ఏడుస్తున్నారు, ఎవరు ఏడవడం లేదు. అవన్నీ చూశాక పోయినవాళ్ల కాళ్ల దగ్గరికి జరిగి, పక్కవాళ్లకు కూడా సరిగ్గా వినపడనంత సన్నగా మొదలుపెట్టేది.

మా వెనక వీధిలో ఒక ముసలమ్మ పోయింది. మహా గయ్యాళి. ఆమె కోడలు ఒక మూల గోడకు ఆనుకుని, కంట్లో చుక్క లేకుండా కూర్చుంది. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. ఆ ముసలమ్మ పెట్టిన బాధలు వీధిలో అందరికీ తెలుసు. మా అత్త ముసలమ్మ కాళ్ల దగ్గర కూర్చుని అందుకుంది.

"ఉప్పెక్కువాయె అని కోడల్ని తిడ్తివి గదనే అవ్వా... ఉప్పు తక్కువాయె అని తిడ్తివి గదనే... బాలింతరాలైతె కొడుక్కు తెల్వకుండ గుడ్డు ఉడకవెట్టి కొంగుల దాసుక తెస్తివి గదనే... తిట్టుకుంటనే తినిపిస్తివి గదనే అవ్వా..."

మూలనున్న కోడలు గొల్లుమంది. లేచి వచ్చి అత్తగారి మీద పడితే, ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆ గుడ్డు సంగతి ఎప్పుడో మా అరుగు మీద ఆ కోడలే చెప్పుకుంది. చెప్పి మరిచిపోయింది. మా అత్త మరిచిపోలేదు.

తిరిగి వచ్చేసరికి గుమ్మం బయట అమ్మ వేడినీళ్లు పెట్టుకుని నిలబడేది. మమ్మల్ని ముట్టుకోకుండా ఇద్దరి నెత్తి మీదా గుమ్మరించేది. పొడిచీర కట్టుకుని అత్త తృప్తిగా అన్నానికి కూర్చునేది. ఏడిస్తే ఆకలి ఎక్కువవుతుందని ఆమె మాట. ముద్ద కలుపుకుంటూ నన్ను అడిగేది, "ఎట్లున్నది కోడలా గియ్యాల?" మేనకోడలిని గనుక నన్ను కోడలా అనే పిలిచేది. నేను చూసింది చూసినట్టు చెప్పేదాన్ని. ఫలానా పెద్దమనిషి కూడా కళ్లు తుడుచుకున్నాడంటే పొంగిపోయేది. మా అత్తకు వినయం అనేది లేదు. ఇటు పిట్లం నుంచి అటు మద్నూర్ దాకా తనంత బాగా ఏడ్చే మనిషి లేదని ఆమె నమ్మకం. ఎవరైనా ఇంకొకరి ఏడుపును మెచ్చుకుంటే మూతి తిప్పుకునేది.

"మంచోడు పాయె, మంచోడు పాయె అంటె ఎవలికి ఏడుపొస్తది?" అనేది. "పోయినోళ్లందరు మంచోళ్లేనాయె. ఆయిన చారు తాగెటప్పుడు జుర్రుమని సప్పుడు జేస్తుండె అను. అప్పుడు మనిషి కండ్లవడ్తడు."

ఈ తెలివే ఆమెను ఒకసారి ముంచింది. బట్టల దుకాణం ఉన్న ఒకాయన పోయాడు. సరుకు పేరు చెప్పి ఆయన వారం వారం మద్నూర్ పోయేవాడు. అక్కడ ఆయనకు ఇంకో ఇల్లుండేది. ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. అత్త శోకంలో పడిందంటే ఆగడం ఆమె చేతుల్లో ఉండేది కాదు. ఆ ధారలోనే, "మరాఠి మాటలు నేర్చుకుంటివి గదా అన్నా... మద్నూర్ బస్సుకు మల్లెపూలు దీస్కపోతివి గదా అన్నా... గా పూలకు ఎదురుసూసెటామెకు ఇగ ఎవలు జెప్పాలె అన్నా..." అనేసింది.

ఏడుస్తున్న ఆడవాళ్లందరూ ఒక్కసారి ఆగిపోయారు. ఆయన భార్య తల ఎత్తి మా అత్తను చూసింది. నేను భయపడి అత్త కొంగు గుంజాను. ఇంటికి వచ్చాక అమ్మ, "నీది నోరా తాటిమట్టా?" అని ఆ రోజంతా తిట్టింది. తర్వాత చాలా రోజులు ఆమెను ఎవరూ చావుకు పిలవలేదు.

కొన్ని నెలలు గడిచాక ఆ భార్య మా అరుగు ముందుకు వచ్చింది. కొట్లాటకే వచ్చిందని అందరూ చాటలు సర్దుకున్నారు. ఆమె వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"అందరికి ఎరికే అక్కా. ఇన్నేండ్లల్ల ఒక్కరన్న నాతోని నోరిప్పలే. నువ్వు గామాట అంటె మస్తు కోపమొచ్చింది. గని పండుకుంటె, గుండెల మీదికెల్లి బండ దీసినట్టున్నది," అన్నది.

అంత నోరున్న మా అత్త, "చాయ్ తాగుతవా?" అన్నది. ఆ తర్వాత ఆమె కూడా మధ్యాహ్నాలు మా అరుగు మీదకే వచ్చేది.

నేను హైస్కూలుకు వచ్చాక పద్యాలు పట్టుకున్నాను. తెలుగు సారు ఛందస్సు నేర్పితే, గణాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ బడికి నడిచేదాన్ని. ఒకటి రెండు పద్యాలు బడి వార్షికోత్సవంలో చదివేసరికి ఊళ్లో నాకో పేరొచ్చింది. ఏ ఆఫీసరుకు బదిలీ అయినా సన్మానపత్రం రాసే పని నా మీదే పడేది. గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేయించి, అద్దం కట్టించి, సభలో చదివి చేతికిచ్చేవాళ్లు. సుగుణభూషణా, కరుణాసింధూ అని నేను రాసిన పత్రాలు ఎన్ని ఊళ్లలో ఎన్ని గోడలకు వేలాడుతున్నాయో. ఒకసారి అలాంటిదొకటి ఇంట్లో గట్టిగా చదువుకుంటుంటే అత్త విన్నది.

"గాయిన ఏం తింటడు?" అనడిగింది.

"ఏం తింటే నాకేంది అత్తా?"

"పొద్దుగాల ఎప్పుడు లేస్తడు?"

"నాకెట్ల తెలుస్తది?"

"మరి గింత పెద్ద కాయిదం నిండ ఏం రాసినవే?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పటికీ అంతే. "నువ్వు ఏడ్చే ఏడుపు కాదిది, సాహిత్యం," అని అరిచి, అన్నం తినకుండా ముసుగు తన్ని పడుకున్నాను. అత్త పళ్లెం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. "మా కోడలు సాహిత్యం జేస్తున్నది గదా... కడుపు మాడ్సుకుంటున్నది గదా..." అని శోకం రాగంలోనే పాడుతూ ముద్దలు కలిపింది. నవ్వు ఆపుకోలేక లేచి తిన్నాను. ఆమె అన్నది నిజమేనని ఒప్పుకోవడానికి మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టింది.

నిజామాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు పద్యం వదిలి వచనకవిత పట్టుకున్నాను. ఒక వారపత్రికలో నా కవిత మొదటిసారి అచ్చయితే బాపు ఆ పత్రికను మిల్లుకు తీసుకుపోయి అందరికీ చూపించాడు. అది నా చేతికి తిరిగి వచ్చేసరికి పేజీల మధ్య ఊక. కవిసమ్మేళనాలకు పిలుపులు రావడం మొదలైంది. ఆడపిల్లనని మర్యాదగా ముందు వరసలో కూర్చోబెట్టి, చదవడానికి మాత్రం చివర్లో పిలిచేవాళ్లు. అప్పటికి జనం బస్సులకు వెళ్లిపోయేవాళ్లు. ఆ కోపంతో ఇంటికి వచ్చి ఇంకో కవిత రాసేదాన్ని.

ఒకసారి బాన్సువాడలోనే గ్రంథాలయంలో సమ్మేళనం పెట్టారు. అరుగు మీది ఆడవాళ్లందరినీ వెంటేసుకుని అత్త వచ్చింది. మొదటి వరస ముందు నేల మీద కూర్చున్నారు. ఒక కవిగారు చనిపోయిన తన మిత్రుడి మీద కవిత ఎత్తుకున్నారు. సభంతా నిశ్శబ్దంగా ఉంది. అత్త పక్కామెతో తన మామూలు గొంతుతో, "ఎవలకో ఏడుస్తుండు గని గా పోయినాయిన ఎసొంటోడో జెప్తలేడు," అన్నది. ఆమె మామూలు గొంతు గది చివరిదాకా వినపడుతుంది. నేను తల వంచుకున్నాను. నా వంతు వచ్చింది, చదివాను. ఇంటికి వస్తుంటే దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు సదివింది నాకు సమజ్ కాలే. గని కాయిదం వట్టుకున్న నీ చెయ్యి వణికింది, నా పానం తండ్లాడింది," అన్నది. ఆ రోజు నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

తర్వాత పంతులమ్మ ఉద్యోగం వచ్చింది, ఊరికి కొంచెం దూరంలో ఒక లంబాడీ తండాలో. పెళ్లీ అయింది. మా ఆయన బస్సు కండక్టరు, ఇల్లు ఊళ్లోనే, అమ్మావాళ్ల వెనక వీధిలో. పొద్దున బస్సుకు పోతూ, సాయంత్రం దిగి వస్తూ, అరుగు దగ్గర ఆగి అత్తను పలకరించడం నాకు అలవాటు.

తండాలో ఒక మధ్యాహ్నం బడి పక్క గుడిసె ముందు, పెళ్లి కుదిరిన పిల్ల ఒకతె ఒక పెద్దావిడ మెడ చుట్టూ చేతులు వేసి రాగంతో ఏడుస్తోంది. పెద్దావిడ మధ్యలో ఆపి, ఏదో సరిదిద్ది, మళ్లీ ఏడవమంటోంది. నేను కంగారుపడి ఏమైందని అడిగితే ఇద్దరూ నవ్వారు. అత్తింటికి పోయేటప్పుడు పెళ్లికూతురు తనవాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడ్చే పాటట. ఢావ్లో అంటారట. అమ్మకు వేరు, అన్నకు వేరు, కలిసి ఆడుకున్న నేస్తానికి వేరు. రాని పిల్లకు పెద్దవాళ్లు ముందే నేర్పిపెడతారట.

సాయంత్రం అరుగు మీద ఈ సంగతి చెప్పాను. అత్త కళ్లు మెరిశాయి. చాట పక్కన పెట్టింది.

"సూసినవా? వాళ్లు నేర్పుతరు. మనోళ్లకే సిగ్గు," అన్నది. నా వైపు తిరిగి, "గట్లయితె నువ్వు గూడ నేర్చుకో కోడలా. నేను పోతె నువ్వు శోకం వెట్టాలె గదా," అన్నది.

కత్తెరల చప్పుడు ఆగిపోయింది. అమ్మ లోపలి నుంచి గరిటె పట్టుకునే వచ్చింది. "నోట్ల మన్నువడ, సందెపూట గవేం మాటలు వదినె?"

"సందెపూట వద్దంటె రేపు పొద్దుగాల జెప్త," అన్నది అత్త.

అన్నట్టే పొద్దున మళ్లీ చెప్పింది. బతికున్న మనిషికి శోకం పెట్టడం మా వైపు ఎంత అపశకునమో ఆమెకు తెలియక కాదు. అయినా నేను కనపడినప్పుడల్లా, "ఏదీ, ఒక్కసారి ఏడ్చి సూపియ్యి," అనేది, పాట పాడమన్నంత మామూలుగా. ఒక ఆదివారం అమ్మ ఇంట్లో లేనిది చూసి ఆడవాళ్లందరూ నన్ను పట్టుకున్నారు. సరే కానిమ్మని అత్త ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాను. "ఓ మాతృసమానురాలా, నీ స్మృతి నా హృదయకుహరంలో..." అని వచ్చింది నా నోట. అంతే. నవ్వులకు చాటల్లో తంబాకు లేచి అందరికీ తుమ్ములు. అత్త కూడా కంట్లో నీళ్లొచ్చేటట్టు నవ్వింది. "గిది ఇంటె పాడె మీదికెల్లి లేసి కూసుంట," అన్నది.

అందరూ వెళ్లాక ఆమె నవ్వలేదు. నాతో అంతకుముందు ఎప్పుడూ చెప్పని సంగతి అప్పుడు చెప్పింది. పిట్లంలో ఆమె భర్త పోయిననాడు ఆమెకు మాట పడిపోయింది. అత్తింటి ఆడవాళ్లు శోకాలు పెట్టారు. మారాజు పాయె, మా దిక్కు పాయె అని, ఎవరు పోయినా అనే మాటలే అన్నారు.

"గాయినకు పిల్లులంటె పానం. పక్కకు పిల్లి కూసుంటెనే ముద్ద దిగేది. గామాట ఒక్కరన్న అనలే. నాకు నోరు రాలే. ఎవలో తెల్వని మనిషిని మోసుకపోయినట్టు తీస్కపోయిండ్రు. గాయిన ముచ్చట చెప్పకుండనే పంపినం కోడలా." చాటలో ఆకులను వేలితో కదుపుతూ కూర్చుంది. "నన్ను గూడ గట్లనే పంపుతరు. పిల్లల్లేనిదాన్ని, ఎవలేడుస్తరు? మీ అమ్మకు తిట్టుడే వస్తది, ఏడ్సుడు రాదు. నువ్వు మాటలు అల్లేదానివి. గందుకే ఆశవడ్తున్న."

మా అత్త తన కోసం నన్ను ఏదైనా అడిగిందంటే అదొక్కటే. నేర్చుకుంటానని చెప్పలేకపోయాను. నలుగురిలో గొంతెత్తి ఏడవడం నాకు చేతకాదు. దుఃఖం వస్తే నా మాట లోపలికి పోతుంది, ఎన్నో రోజుల తర్వాత కాగితం మీదికి వస్తుంది. నా తీరే అంత.

చేతనైంది చేశాను. కవితలు కొంతకాలం పక్కన పెట్టి, అత్త గురించి నాకు తెలిసినవన్నీ జ్ఞాపకాలుగా రాయడం మొదలుపెట్టాను. ఒకటి పంపితే పత్రికవాళ్లు వారం వారం రాయమన్నారు. పత్రిక బస్సులో వచ్చేది, మా ఆయనే అరుగు మీద ఇచ్చి పోయేవాడు. కొంచెం చదువుకున్న పక్కింటి కోడలు పైకి చదివితే మిగతావాళ్లు బీడీలు చుడుతూ వినేవాళ్లు. నేను బడి నుంచి వచ్చేసరికి అత్త తీర్పు తయారుగా ఉండేది.

"మీ మామ మీసం సన్నగుండె. నువ్వు గుబురు జేసినవ్."

"నేను ఆయన్ని చూడలేదు గదా అత్తా. చెప్పాలి గదా ముందే."

"నువ్వు అడగాలె గదా."

అప్పటినుంచి అడగడం నేర్చుకున్నాను. రాసేముందు ఆమె పక్కన కూర్చుని, ఆ రోజు ఏం వండారు, ఏ చీర, ఎవరు ముందు మాట్లాడారు అని అడిగి రాసేదాన్ని. వీధిలో ఆడవాళ్లు, మా గురించి ఎప్పుడు రాస్తావని వెంటపడేవాళ్లు. పిల్లుల సంగతి రాసిన వారం అత్త తప్పులు పట్టలేదు. పక్కింటి కోడలితో అది మళ్లీ చదివించుకుందట. విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయిందట. ఇన్నేళ్ల నా రాతలో ఎవరికైనా పనికొచ్చింది ఏదైనా ఉంటే అదేనని నాకనిపిస్తుంది.

ఆ జ్ఞాపకాలే తర్వాత పుస్తకమయ్యాయి, నాకు పేరు తెచ్చాయి. నేను ధైర్యం చేసి ఒకరోజు ఆమెతో అన్నాను, "నీ గురించి అంతా రాసేశాను అత్తా. ఇగ నీ ముచ్చట చెప్పకుండ నిన్ను ఎవ్వరూ పంపరు."

అత్త నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "రాసుడు మంచిగనే ఉన్నది బిడ్డా. నా పానం సల్లవడ్డది. గని పీనుగు పేపర్ సదువుతదా?" అన్నది.

ఎనభైల మధ్యలో ఆమెకు దమ్ము, ఊపిరాడని ఆయాసం, ఎక్కువైంది. బతుకంతా పీల్చిన తంబాకు దుమ్ము మరి. దవాఖానలో చూపిస్తే చాట ముట్టవద్దన్నారు. చాట లేని ఒళ్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలిసేది కాదు. చావు ఇళ్లకు పోవడమూ ఆగిపోయింది. కబురు వస్తే మంచం మీది నుంచే వెళ్లేవాళ్లకు చెప్పి పంపేది, "ఆమె వక్క కొరికె సప్పుడు మర్సిపోకుండ్రి, గది సుత చెప్పుండ్రి," అని. నాతో మాత్రం ఎప్పటి మాటే. ఏదీ, ఒక్కసారి ఏడ్చి సూపియ్యి. నేను ఏదో పని ఉన్నట్టు లేచి పోయేదాన్ని.

ఒక ఆదివారం ఆమె తలకు నూనె పెడుతున్నాను. మళ్లీ అడుగుతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాను. ఆమె అడగలేదు.

"కోడలా, ఇగ ఫికర్ జెయ్యకు," అన్నది. "రానిదాన్ని గుంజితె వస్తదా? నువ్వు ఊకె నా పక్కపొంటి కూసో, సాలు."

అడిగినన్నాళ్లూ విసుక్కున్నాను. అడగడం మానేసిన ఆ పూట నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు. ఆమె ఆశపడిన ఒకే ఒక్కదాన్ని నా మొహం చూసి వదులుకుంది. నూనె చేతులతో కళ్లు తుడుచుకుంటే మండాయి. మంట పుట్టిందని చెప్పి లోపలికి పోయి ఏడ్చాను, ఎవరికీ వినపడకుండా.

ఆమె పోయింది వానకాలంలో, చుట్టుపక్కల నాట్లు పడుతున్న రోజుల్లో, పొద్దున. బస్సుకు పోయేముందు నేను ఆమెకు చాయ్ ఇచ్చి వెళ్లాను. తండాలో పిల్లలతో ప్రార్థన చేయిస్తుంటే మోటారుసైకిల్ మీద మా వీధి మనిషి వచ్చాడు. దిగి నిలబడ్డాడు. ఆయన నిలబడిన తీరు చూసి నాకు అర్థమైంది.

నేను చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. అరుగు మీది ఆడవాళ్లందరూ చుట్టూ ఉన్నారు. బాపు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ ఆమె కాళ్లు పట్టుకుని నిజంగానే తిడుతోంది, "నన్నిడిసి ఎట్ల పోతివే, నీ నోరు పాడుగాను," అని. నన్ను చూడగానే అందరూ జరిగి తల దగ్గర చోటిచ్చారు. ఆమె నన్ను ఏం అడిగిందో వాళ్లందరికీ తెలుసు. అందరూ నా మొహం వైపు చూశారు. కూర్చున్నాను. ఆమె నుదురు మీద చెయ్యి వేశాను. నోరు తెరుచుకోలేదు. లోపల వెతికితే ఒక్క మాట లేదు. పిట్లంలో ఆమెకు అయిందే నాకూ అవుతోందని తెలుస్తూనే ఉంది. కదలలేకపోతున్నాను.

ఎంతసేపని చూస్తారు? పిట్లం బస్సు దిగి అప్పుడే వచ్చిన దూరపు చుట్టం ఒక పెద్దామె ముందుకు వచ్చి అత్త మీద పడింది. పిల్లలు లేని ఆడది పోతే అందరూ పెట్టే శోకమే అందుకుంది.

"కడుపు పండకపాయె గదనే చెల్లె... ఎనకా ముందు ఎవలు లేకపాయిరి గదనే... ఏడ్సెటందుకు ఒక బిడ్డ లేకపాయె గదనే చెల్లె... దిక్కులేనిదానివైతివి గదనే..."

పెద్దామె తప్పేమీ లేదు. నోటికి అలవాటైన మాటలు అవి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మా అత్త దిక్కులేనిదా? ఆమెకు ఎవరూ లేరా? "ఎవలన్నరు?" అని అరిచాను. కొట్లాటకు దిగినట్టే అరిచాను. రెండోసారి అన్నప్పుడు అది అరుపులా లేదు. సాగింది. నా గొంతు అలా సాగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఎవలు లేరన్నరే అత్తా... నేను లేనా అత్తా... పొద్దుగాల చాయ్ దెస్తె సక్కెర తక్కువాయె అంటివి గదనే అత్తా... మల్ల కలుపుకొస్త అంటె, బస్సు పోతది పోవే అని నన్ను తరుముతివి గదనే... తియ్యగ ఒక్క గుక్కన్న తాగకపోతివి గదనే అత్తా..."

పక్కింటి కోడలు నా మెడ పట్టుకుంది. అమ్మ తిట్టడం ఆపి, నా వీపు మీద తల పెట్టి ఏడ్చింది. నేను ఆగలేదు. ఆమెను తీసుకుపోయేదాకా చెబుతూనే ఉన్నాను, అన్నీ ఆమెతోనే. జ్ఞాపకాలు రాసి బతికినదాన్ని, మా ఇంటి సంగతి ఏదీ దాచుకోలేదు. ఆ పొద్దు అన్న మిగతా మాటలు మాత్రం ఎక్కడా రాయలేదు, ఇక్కడా రాయను. అవి మా అత్తకు చెప్పుకున్నవి.